నేలకి 115 మి.మీ. ఎత్తున్న, ఇంట్లో కట్టుకున్న కారుకి సైలెన్సర్ కింద నుంచా, పక్క నుంచా?

గంటస్తంభం:

వివరాలు ముందే ఇచ్చేస్తున్నాను. పాత లోటస్ సెవెన్ పద్ధతిలో రెండు సీట్ల ఓపెన్ కారు, చదరపు పైపుల ఛాసిస్. జిప్సీ 1.3 పదహారు వాల్వుల ఇంజన్, 1298 సీసీ, 80 హార్స్‌పవర్, గేర్‌బాక్సు కూడా దానిదే. వీల్‌బేస్ 2300 మి.మీ. ఇద్దరు కూర్చుని ట్యాంకు నిండితే ఛాసిస్ అడుగు నుంచి నేలకి 115 మి.మీ. ఎగ్జాస్ట్ పోర్టులు ఎడమవైపు పడ్డాయి. స్టీరింగ్ కుడివైపు. వెనక హౌసింగ్ (వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఇరుసు గొట్టం) జిప్సీదే, కమాన్ పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు వేశాం. పెట్రోల్ ట్యాంకు హౌసింగ్‌కి వెనకాల.

పైపుని కారు అడుగు కింద నుంచి వెనక్కి తీసుకెళ్లాలా, ఎడమ పక్కన బయటికి తీసి సైలెన్సర్ అక్కడే పెట్టాలా? ఎగ్జాస్ట్‌కి ఇంకా టాకా (తాత్కాలిక చుక్క వెల్డింగు) కూడా వెయ్యలేదు కాబట్టి ఏ మార్పైనా చెయ్యొచ్చు. కారణాలతో చెప్పండి.

చీపురుపల్లి గ్యారేజ్:

పక్కనే. 115 అన్నది కారు నిలబడినప్పటి లెక్క. ఛాసిస్ అడుగుకీ పైపుకీ మధ్య 15 మి.మీ. వదిలి 50.8 పైపు వేలాడదీస్తే పైపు అడుగు నేలకి 49 మి.మీ.లో ఉంటుంది. స్ప్రింగులు 50 నొక్కుకుంటే పైపు రోడ్డుకి రాసుకున్నట్టే. పైగా కింద ఉండేది ఒట్టి పైపు కాదు. ఫ్లాంజీల (పైపుల్ని కలిపి బిగించే పలకల) చెవులుంటాయి, క్లాంపుల బోల్టులుంటాయి. మన ఊళ్ల మొగల్లో జనమే సిమెంటుతో పోసుకున్న అడ్డుకట్టలు అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు ఉన్నవీ ఉన్నాయి. ఒక్క దెబ్బకి ముందు ఫ్లాంజి విరిగితే ఆ బలం మ్యానిఫోల్డ్ మీదికి, అక్కణ్నుంచి హెడ్డు స్టడ్ల మీదికి పోతుంది. సైలెన్సర్‌తో పోయేది కాస్తా హెడ్డు విప్పే పని అవుతుంది.

పక్కన పెడితే బరువూ తగ్గుతుంది. 50.8 మి.మీ. బయటి వ్యాసం, 1.5 మందం స్టెయిన్‌లెస్ పైపు మీటరుకి 1.84 కిలోలు. 2 మీటర్లు మిగిలితే దగ్గర దగ్గర 3.7 కిలోలు. ఈ కారు మొత్తం ఉద్దేశమే బరువు తగ్గించడం కదా.

వంశధార 1298:

చీపురుపల్లి గారూ, రెండు వేరు వేరు లెక్కల్ని ఒకటి చేసేశారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. 2.3 మీటర్ల వీల్‌బేస్ కారు దాని నడినెత్తి మీదుంటే నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, మధ్య నుంచి చెరో 1.15 మీటర్ల దూరంలో. అక్కడ గట్టు ఎత్తు 61 మి.మీ. అంటే కారు పొట్ట కిందికి పొడుచుకొచ్చేది 39 మాత్రమే. నెమ్మదిగా దాటితే మీరన్న 49 మి.మీ. పైపు కూడా తగలదు.

ఇక అరడుగు ఇరుకు అడ్డుకట్ట. అది పూర్తిగా చక్రాల మధ్యకి వచ్చేస్తుంది కాబట్టి 150కి 150 పొడుచుకొస్తుంది. అప్పుడు 115 ఎత్తున్న ఛాసిస్సే తగులుతుంది, ఆయిల్ చాంబర్ తగులుతుంది. పైపు పక్కన ఉన్నా ఆ కారు దాన్ని దాటలేదు. కాబట్టి అసలు నియమం ఏటంటే, ఎగ్జాస్ట్‌లో ఏ భాగమూ ఛాసిస్ అడుగు గీత కన్నా కిందికి రాకూడదు. పక్కనా, కిందా అన్నది ఆ తర్వాతి మాట.

ఆ గీతలోపల కింద నుంచి తీసుకెళ్లడం కష్టమేమీ కాదు. 80 హార్స్‌పవర్‌కి 50.8 పైపు అక్కర్లేదు, 44.5 సరిపోతుంది. రెండున్నర అంగుళాలు వేసేవాళ్లకి ఎత్తు పోవడం, గ్యాసు వేగం తగ్గడం తప్ప వచ్చేదేమీ లేదు. 50.8 వెయ్యాలనే ఉంటే రెండు దారులున్నాయి. ఒకటి, రెండు 38.1 పైపుల్ని పక్కపక్కన నడపడం. 1.6 మందంతో రెండింటి లోపలి వైశాల్యం కలిపి 1913 చదరపు మి.మీ., ఒక్క 50.8 పైపుది 1795. వైశాల్యం కాస్త పెరుగుతుంది, ఎత్తు 12.7 తగ్గుతుంది. రెండు, పైపుని నొక్కి కోడిగుడ్డు ఆకారానికి తేవడం. 50.8 పైపు లోపలి ఎత్తు 48 నుంచి 35కి నొక్కితే పోయే వైశాల్యం 7 శాతమే, ఎందుకంటే చుట్టుకొలత మారదు. నొక్కేముందు పొడి ఇసుక దట్టించి రెండు చివర్లూ మూసేస్తే ముడతలు పడవు. ఒక్కటే జాగ్రత్త: చదునైన ముఖం 300 మి.మీ. దాటితే అది రేకులా మోగుతుంది. అంతకన్నా పొడవు నొక్కొద్దు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ టన్నెల్‌ని (రెండు సీట్ల మధ్య షాఫ్ట్ నడిచే మూసిన గట్టుని) ఎడమకి 80 మి.మీ. వెడల్పు చేస్తే పైపు మొత్తం అందులోనే పోతుంది. నేల మీద నుంచి ఒక్క నట్టు కూడా కనబడదు.

బొబ్బిలి టర్నింగ్:

టన్నెల్ వద్దు గురూ. ఆ 80 మి.మీ. ఎక్కణ్నుంచి తెస్తారు? పక్కనున్న మనిషి సీటు వెడల్పులోంచే కదా. సెవెన్ లాంటి కారులో సీటు వెడల్పు అసలే బొటాబొటీ.

అంతకంటే పెద్ద మాట వేడి. బండి కాస్త బరువుగా నడిచినప్పుడు పోర్టు దగ్గర గ్యాసు 700 డిగ్రీలు దాటుతుంది. టన్నెల్ దగ్గరికొచ్చేసరికి తగ్గినా పైపు ఉపరితలం 300 డిగ్రీల పైనే ఉండొచ్చు. ఓపెన్ కారులో గాలి పైనుంచి కొడుతుంది, టన్నెల్ లోపల గాలి కదలదు. పెద్ద కారులో పైపు అడుగున గాలికి వేలాడుతుంది కాబట్టి చల్లబడుతుంది, ఇక్కడ అది మూసిన గొట్టంలో ఉంటుంది. మే నెలలో విజయనగరం ఎండకి అది తోడైతే ఇద్దరి తొడలూ రెండు వైపుల నుంచీ కాలతాయి. మనుషుల్ని పక్కన పెట్టినా, గేర్‌బాక్సు వెనక ఆయిల్ సీలు ఆ టన్నెల్లోనే ఉంది. క్రాస్ జాయింట్ గ్రీజు అక్కడే ఉంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్, బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు ఎక్కువమంది అక్కడే లాగుతారు. గ్రీజు కరిగి కారిపోతే క్రాస్ బేరింగు ఎండిపోయి కిర్రుమంటుంది. ఆ శబ్దాన్ని గేర్‌బాక్సులో వెతుకుతూ కూర్చుంటారు. బ్రేక్ ఆయిల్ మరిగితే ఇంకేం చెప్పక్కర్లేదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 లో 113వ నిబంధన పెట్రోల్ లైనుకి 35 మి.మీ. లోపల ఎగ్జాస్ట్ పైపు ఉండకూడదంటుంది. అది కనీసం. మూసిన టన్నెల్లో 35 చాలదు, మధ్యలో రేకు అడ్డు ఉండాలి, లైను టన్నెల్ బయట ఇంకో పక్క నుంచి పోవాలి.

పైపు వెనక్కి చేరాక సైలెన్సర్ ఎక్కడ పెడతారు? హౌసింగ్ వెనక ఖాళీ అంతా ట్యాంకుదే అని ఆయన చెప్పారు. ట్యాంకు పక్కన 300 డిగ్రీల పెట్టె కట్టే పని నేనైతే ఏ కారుకీ చెయ్యను.

నాగావళి ఒడ్డు:

పక్కన అనేవాళ్లందరూ ఒక విషయం చూడండి. అవే నిబంధనల్లో 112వది: మోటార్ సైకిళ్లు, వికలాంగుల మూడు చక్రాల బళ్లు మినహా ఏ మోటారు వాహనమైనా ఎగ్జాస్ట్ పొగని కిందికి గానీ ఎడమవైపుకి గానీ వదలకూడదు. వెనక్కి గానీ కుడివైపుకి గానీ పోవాలి. కారణం తెలిసిందే. మనం రోడ్డుకి ఎడమన నడుపుతాం, ఎడమవైపునే నడిచేవాళ్లుంటారు, బస్సు కోసం పిల్లలు నిలబడతారు. ఎడమ పక్కన మూతి పెడితే పొగ, వేడి అన్నీ వాళ్ల కాళ్లకి.

ఫోటోల్లో సెవెన్ కార్ల పక్క సైలెన్సర్ చూసి అలాగే ఎడమన దించేస్తే అది ఇక్కడ నిబంధనకి విరుద్ధం. పోర్టులు ఎడమన ఉన్నాయి కాబట్టి కుడికి తేవాలంటే ఆయిల్ చాంబర్ కిందో, బెల్ హౌసింగ్ కిందో దాటించాలి. అంటే కారులో అన్నిటికన్నా కిందున్న చోట అడ్డంగా పైపు. పక్కకి పెట్టి సాధించిన ఎత్తంతా అక్కడ పోతుంది. కుడివైపు సైలెన్సర్ అంటే నడిపేవాళ్ల మోచేతి కింద, పక్కన ఆగిన టూవీలర్ మనిషి కాలి పక్కన.

చీపురుపల్లి గ్యారేజ్:

నిబంధన పొగ ఎటు వదలాలో చెప్తోంది, పైపు ఎటు నడవాలో కాదు. ఎడమ పక్కనే నడిపి, చివర వెనక్కి తిప్పితే సరిపోయింది కదండీ.

నాగావళి ఒడ్డు:

అక్షరాలా చూస్తే సరిపోతుంది. కానీ వెనక చక్రం ముందు ఆపి వెనక్కి చూపిస్తే ఆ వేడంతా టైరు పక్క గోడకి కొడుతుంది. టైరుకి తగలకుండా కాస్త బయటికి వాలిస్తే మళ్లీ ఎడమకి వదిలినట్టే. ఇంకోటి, ఓపెన్ కారు కదా. నడిచేటప్పుడు సీట్ల వెనకాల గాలి సుడి తిరిగి ముందుకి లాగుతుంది. మూతి సీటు వీపుకి దగ్గర్లో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ ఆ సుడితో పాటు కూర్చున్నవాళ్ల ముఖానికి వస్తుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి ఎండ వల్ల అనుకుంటారు. ఇది శబ్దం, ఎత్తు లాంటి ఇష్టాయిష్టాల విషయం కాదు.

రిజిస్ట్రేషన్ సంగతి నేను ఎత్తడం లేదు. 1988 చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాల నుంచి బండిని మార్చడాన్ని ఎంత కట్టడి చేస్తుందో అందరికీ తెలుసు, దానికి వేరే చర్చ కావాలి. సొంత స్థలంలో, ట్రాక్ మీద నడిపే కారుకైనా పొగ ఎటు పోతుందన్నది అంతే ముఖ్యం.

గంటస్తంభం:

ఒప్పుకుంటున్నాను, మూతి ఎడమకి పెట్టను. రోడ్డు మీదికి రాకపోయినా 112 పాటించే కడతాను. అయితే పక్కన సైలెన్సర్ పెట్టి, తోక పైపుని చక్రానికి లోపలి వైపు నుంచి వెనక దాకా తీసుకెళ్లడం కుదురుతుందా? అక్కడ హౌసింగ్ అడ్డం వస్తుంది. పై నుంచి దాటించాలా, కింద నుంచా?

బొబ్బిలి టర్నింగ్:

కింద నుంచి. ఎక్కువమంది పై నుంచి తీసుకెళ్తారు, ఎందుకంటే మామూలు కార్లన్నీ అలాగే ఉంటాయి. మామూలు కారులో హౌసింగ్‌కీ బాడీకీ మధ్య చోటుంటుంది, మీ దాంట్లో లేదు. చక్రం పైకి లేచినప్పుడు హౌసింగ్ పైకొస్తుంది, పై పైపు ఇరుకున పడుతుంది.

కింద అయితే లెక్క తిరగబడుతుంది. టైరు వ్యాసార్ధం 290 అనుకుంటే హౌసింగ్ గొట్టం అడుగు నేలకి దాదాపు 250లో ఉంటుంది. 44.5 పైపుని ఛాసిస్ గీతకి 10 పైన, అంటే 125 నుంచి 170 ఎత్తులో నడిపితే మధ్య ఖాళీ 80. గుంతలో పడి స్ప్రింగులు నొక్కుకుంటే ఛాసిస్ దిగుతుంది, పైపు హౌసింగ్‌కి దూరం జరుగుతుంది. తగిలేది చక్రం వేలాడినప్పుడు. షాక్ అబ్జార్బర్ 60 మి.మీ. కిందికి వదిలితే మిగిలేది 20. చాలు గానీ కొలవకుండా నమ్మొద్దు. ఛాసిస్‌ని స్టాండ్ల మీద పెట్టి చక్రాలు పూర్తిగా వేలాడేలా చేసి, ఒక పక్క చక్రాన్ని మాత్రం జాకీతో పైకి నెట్టి, హౌసింగ్ ఏటవాలుగా ఉన్నప్పుడు కూడా చూడాలి. 15 కన్నా తక్కువ ఉంటే హౌసింగ్‌కి క్యాన్వాస్ బెల్టు పట్టీలు కట్టి వేలాడే దూరాన్ని ఆపండి. బ్రేక్ హోసు కూడా అదే పట్టీల వల్ల బతుకుతుంది.

తోక చివర బాడీ దాటి కనీసం 50 మి.మీ. బయటికి రావాలి. బాడీ లోపలే ఆపేస్తే పొగ వెనక రేకు కిందే తిరుగుతుంది. ట్యాంకు వైపు 1 మి.మీ. అల్యూమినియం రేకుని, పైపుకి 25, ట్యాంకుకి 15 ఖాళీ ఉండేలా నిలబెట్టండి. ట్యాంకుకి అంటించొద్దు, మధ్యన గాలి ఆడటమే దాని పని.

వంశధార 1298:

అలాగైతే చీపురుపల్లి గారు చెప్పిన 3.7 కిలోలు ఎక్కడ మిగిలాయి? పైపు పొడవు మళ్లీ అంతే అయింది. సరే, దాన్ని వదిలేస్తాను. కానీ పక్క పెట్టె అన్న మాటకి ఇంకో పరీక్ష ఉంది, శబ్దం. పక్కన పట్టేది సన్నని సైలెన్సరే. ఏం సైజు వేయిస్తారు?

చీపురుపల్లి గ్యారేజ్:

100 మి.మీ. వ్యాసం, 600 పొడవు, లోపల చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊలు. సూటిగా గ్యాసు పోతుంది, వెనకొత్తిడి ఉండదు.

వంశధార 1298:

శబ్దం ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 100 సార్లు కాలుతుంది, అంటే అసలు శబ్దం 100 హెర్ట్జ్. 350 డిగ్రీల గ్యాసులో ధ్వని వేగం సెకనుకి సుమారు 500 మీటర్లు, కాబట్టి ఆ తరంగం పొడవు 5 మీటర్లు. ఊలు అరికట్టేది 500 హెర్ట్జ్ పైనున్న చిరచిర శబ్దాన్ని. 100 హెర్ట్జ్‌లో దాని సాయం స్వల్పం. అక్కడ పనిచేసేది పెట్టె అడ్డకోత వైశాల్యం పైపు వైశాల్యానికి ఎన్ని రెట్లుందన్నదే. మీ 100 మి.మీ. గొట్టం 50.8 పైపుకి 4.4 రెట్లు. విస్తరణ గది సూత్రంతో లెక్కేస్తే 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 5 డెసిబెల్సే తగ్గుతుంది. ఊరంతా వినపడుతుంది. 120వ నిబంధన సైలెన్సర్ వీలైనంత శబ్దం తగ్గించాలంటుంది, పేరుకి ఒక డబ్బా ఉంటే చాలనడం లేదు.

పక్కనే పెట్టాలంటే నిలువు కోడిగుడ్డు ఆకారం చేయించండి: 200 ఎత్తు, 110 వెడల్పు, 650 పొడవు. వైశాల్యం 9.6 రెట్లు, అదే 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 11 డెసిబెల్స్. లోపలి ఘనపరిమాణం 11 లీటర్లు పైన, ఇంజన్‌కి ఎనిమిదిన్నర రెట్లు. 8 నుంచి 10 రెట్లు ఉంటే వీధిలో నడిచే కారులా వినపడుతుంది. కారు వెడల్పు పెరిగేది 110, దాని మీద కవచం 25. గుండ్రని 125 కన్నా ఎక్కువేమీ కాదు.

చీపురుపల్లి గ్యారేజ్:

ఈ సైజు బాగుంది, ఒప్పుకుంటాను. ఎత్తు ఉంది గానీ వెడల్పు లేదు, సెవెన్ పక్క భాగానికి సరిగ్గా అతుకుతుంది. అడుగు ఛాసిస్ గీతకి సమానంగా పెడితే పై అంచు 315 దగ్గరకొస్తుంది, కారు పక్క రేకు దాటదు.

లోపల మొత్తం ఊలు నింపొద్దు. ముందు 250 మి.మీ. ఖాళీ గది, మధ్యలో 1.6 మందం అడ్డు పలక, వెనక 400 లో చిల్లుల గొట్టం, ఊలు. చిల్లులు 3 మి.మీ.వి, గొట్టం ఉపరితలంలో 30 నుంచి 40 శాతం దాకా ఖాళీ ఉండేలా. గొట్టం చుట్టూ ముందు స్టెయిన్‌లెస్ ఊలు ఒక పొర చుట్టి, దాని మీద పొడవు దారాల గ్లాస్ ఊలు. లేకపోతే గ్యాసు దెబ్బకి గ్లాసు పొడిపొడి అయి తోకలోంచి ఎగిరిపోతుంది, శబ్దం నెమ్మదిగా పెరిగిపోతుంటే ఎందుకో తెలీదు. లీటరుకి 120 గ్రాముల లెక్కన దట్టించాలి. వదులుగా ఉంటే ఊగి అరిగిపోతుంది, మరీ గట్టిగా ఉంటే శబ్దం లోపలికి దిగదు. వెనక మూతని వెల్డ్ చెయ్యకుండా 5 మి.మీ. బోల్టులతో బిగిస్తే ఊలు మార్చుకోవచ్చు.

అన్నట్టు, వెనక్కి పొడుగు తోక ఉంటే ఒక ఇబ్బంది ఉంది. సైలెన్సర్ తర్వాత పైపు ఎంత పొడుగుంటే అంత కింది స్వరంలో మోగుతుంది. 1.6 మీటర్ల తోక 156 హెర్ట్జ్ దగ్గర, అంటే 4700 ఆర్‌పీఎంలో గుయ్యిమంటుంది. ఇప్పుడనుకున్న తోక 1.3 మీటర్లు, అది 5800 దగ్గరకి పోతుంది. రోజూ నడిపే వేగంలో అక్కడికి వెళ్లరు. టన్నెల్ పద్ధతిలో పెట్టె ముందుండి తోక రెండు మీటర్లయితే 3750 దగ్గర చెవులు దిమ్మెక్కుతాయి.

వంశధార 1298:

తోక మోత లెక్క నిజమే, కానీ గ్యాసు తోకలో చల్లబడుతుంది కాబట్టి అసలు మోత మీరన్న అంకె కన్నా కొంచెం కిందే వస్తుంది. దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. పెట్టె గోడ నుంచే శబ్దం వస్తుంది, అది పక్కన కూర్చున్న మనిషి చెవికి 80 సెంటీమీటర్లలో ఉంది. అదే 2 మీటర్లలో ఉంటే 8 డెసిబెల్స్ తక్కువ వినపడుతుంది. కాబట్టి పెట్టె గోడని ఒక్క రేకుతో చెయ్యొద్దు. 1.2 మి.మీ. రేకు లోపల, 0.8 బయట, రెండూ అంటీ అంటనట్టు చుట్టితే గోడ మోత చస్తుంది.

ఆర్గాన్ రాజాం:

సైజులు తేలాయి కాబట్టి లోహం, వెల్డింగు సంగతి చెప్తాను. ఎందుకంటే మన దగ్గర ఎక్కువ సైలెన్సర్లు పోయేది దెబ్బ తగిలి కాదు, తుప్పుతో.

భోగాపురం నుంచి భావనపాడు దాకా సముద్రపు గాలి. మామూలు ఇనుప పైపుకి వెండి రంగు కొట్టి వేస్తే వానాకాలం రెండు గడిచేసరికి అతుకుల దగ్గర చిల్లులు. పైగా చిన్న చిన్న దూరాలకే నడిపే కారులో పైపు పూర్తిగా వేడెక్కదు, కాలిన పెట్రోల్‌లోని నీరు పెట్టెలోనే మిగిలిపోతుంది. ఇలా లోపలి నుంచి తినేదే ఎక్కువ. పెట్టెకి అన్నిటికన్నా కింది మూలలో 3 మి.మీ. చిల్లు ఒకటి వెయ్యండి, నీరు కారిపోతుంది. శబ్దంలో తేడా ఏమీ రాదు.

స్టెయిన్‌లెస్ అంటే 304 గ్రేడు. మెట్లకి, బాల్కనీలకి రైలింగు వేసేవాళ్ల దగ్గరున్నది చాలాచోట్ల 202. అయస్కాంతం పెట్టి చూస్తే రెండూ అంటవు కాబట్టి ఆ పరీక్ష పనికిరాదు. స్టీలు కొట్లలో చుక్కల మందు ఉంటుంది, గీకిన చోట వేస్తే 202లో మాంగనీసు ఎక్కువ కాబట్టి ఎర్రబడుతుంది, 304 ఎర్రబడదు. వంపులకి పైపు బెండర్ జోలికి పోవద్దు, లోపలి వైపు ముడతలు పడి అక్కడే గ్యాసు ఇరుకవుతుంది. పాల డెయిరీ, మందుల కంపెనీల పైపులైన్లకి వాడే రెడీమేడ్ ఎల్బోలు 38.1, 50.8 సైజుల్లో వస్తాయి, అవి 304, లోపల నున్నగా ఉంటాయి. వాటిని కావలసిన కోణానికి కోసుకోవడమే.

వెల్డింగు ఆర్గాన్‌తోనే. పైపు లోపలికి కూడా ఆర్గాన్ పంపాలి. రెండు చివర్లూ అల్యూమినియం టేపుతో మూసి, ఒక పక్క నుంచి నిమిషానికి 5 లీటర్లు వదిలి, రెండో పక్క చిన్న చిల్లు ఉంచాలి. అలా చెయ్యకపోతే బయట అతుకు బంగారంలా మెరుస్తున్నా లోపల పొక్కులు కట్టి నల్లగా పెళుసెక్కుతుంది, ఊపుకి అక్కడే చీలుతుంది. ఈ పద్ధతి కొత్తగా నేర్పక్కర్లేని వెల్డర్లు మన దగ్గరే ఉన్నారు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల పైపింగు చేసేవాళ్లకి ఇది రోజూ చేసే పని. 304కి 304 అయితే 308ఎల్ తీగ. ఛాసిస్‌ వైపు ఇనుప బ్రాకెట్‌కి స్టెయిన్‌లెస్ అతకాలంటే 309ఎల్.

టాకాలన్నీ కారు మీదే, ఇంజన్ మౌంట్లు బిగించి, హెడ్డుకి ఫ్లాంజి బిగించి ఉండగా వేసుకోండి. పూర్తి అతుకు బల్ల మీద వేసేటప్పుడు 10 మి.మీ. మందం పలకకి ఫ్లాంజిని బిగించే వెయ్యాలి, చల్లారాకే విప్పాలి. లేకపోతే ఫ్లాంజి అరటితొక్కలా వంగి ప్యాకింగు ఎన్నిసార్లు మార్చినా ఊదుతూనే ఉంటుంది.

గంటస్తంభం:

ఇది చాలా ఉపయోగం. ఇక పోర్టుల నుంచి వచ్చే నాలుగు బ్రాంచి పైపులు ఎంత పొడుగు, ఎంత లావు? పెట్టెని దేనికి వేలాడదియ్యాలి? సిరామిక్ గుడ్డ చుట్టమని కొందరంటున్నారు.

వంశధార 1298:

పొడవుకి పాత లెక్క ఒకటుంది. ఎగ్జాస్ట్ వాల్వు పిస్టన్ అడుక్కి చేరకముందు ఎన్ని డిగ్రీలకి తెరుచుకుంటుందో దానికి 180 కలపండి. 50 డిగ్రీలు అనుకుంటే 230. దాన్ని 850తో గుణించి, బలం కావలసిన ఆర్‌పీఎంతో భాగించి, 3 తీసేస్తే అంగుళాల్లో పొడవు. 6000 దగ్గరకి 29.6 అంగుళాలు, అంటే 750 మి.మీ. ఇది పోర్టు నుంచి కొలవాలి. లోపలి వ్యాసం అదే లెక్కలో 33.7 వస్తుంది, 1.6 మందం 38.1 పైపు లోపల 34.9 ఉంటుంది, సరిపోయింది. నాలుగూ 25 మి.మీ. తేడాలో సమానంగా ఉంటే చాలు. దానికోసం మెలికలు తిప్పి కిందికి దించేస్తే మళ్లీ ఎత్తు పోతుంది. 4-2-1 (నాలుగు పైపులు రెండుగా, ఆ రెండూ ఒకటిగా కలవడం) వేస్తే మధ్య పైపులు 44 లోపలి వ్యాసం దగ్గర, పక్క రేకు లోపలే కలుపుకోవచ్చు. మామూలు నడకకి 4-2-1 నయం.

ఆక్సిజన్ సెన్సార్ నాలుగూ కలిసిన తర్వాత పెట్టాలి, అడ్డం గీతకి కనీసం 10 డిగ్రీలు పైకి వాల్చి. కిందికి పెడితే నీటి చుక్క పడి లోపలి సిరామిక్ పగులుతుంది. పాత మ్యానిఫోల్డ్ కన్నా దూరంగా పోతోంది కాబట్టి హీటరున్న సెన్సారే వెయ్యండి. దానికి ముందు అతుకు ఎక్కడైనా గాలి పీల్చిందంటే కంప్యూటరు పెట్రోల్ చాలలేదనుకుని ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, కారణం అంతుపట్టదు. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంచుతున్నట్టయితే కలిసిన చోటికి వెంటనే పెట్టండి. 250, 300 డిగ్రీలు దాటితేనే అది పనిచేస్తుంది. పక్క రేకు లోపల ఉంటే రాళ్ల దెబ్బ కూడా తగలదు.

బొబ్బిలి టర్నింగ్:

వేలాడదియ్యడం గురించి. కారు పొడవునా కూర్చున్న ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పక్కకి ఒరుగుతుంది. అంటే ఎడమ పక్కనున్న పైపు పైకీ కిందికీ కదులుతుంది. బ్రాంచి పైపులు ఇంజన్‌తో కదులుతాయి, పెట్టె ఛాసిస్‌తో ఉంటుంది. రెండింటినీ బిగదీసి కలిపితే మొదట చీలేది నాలుగు పైపులు కలిసే మూల. మధ్యలో 100 మి.మీ. అల్లిక ఫ్లెక్స్ పైపు ఒకటి ఉండాలి. అది పొడవునా సూటిగా ఉండాలి, మెలి తిరగకూడదు. పక్క రేకులో పైపు బయటికొచ్చే రంధ్రం చుట్టూ 25 ఖాళీ ఉంచండి.

వేడికి పొడవు పెరగడం మరిచిపోవద్దు. 304 పైపు 2.4 మీటర్లు సగటున 350 డిగ్రీలు ఎక్కితే 14.5 మి.మీ. పెరుగుతుంది. ముందు హ్యాంగరు పెట్టెకి దగ్గరగా ఒక్కటి గట్టిది, వెనకవన్నీ మారుతి 800 సైలెన్సర్ రబ్బరు రింగులు, ముందుకీ వెనక్కీ ఊగేలా. ఫ్లాంజి రెండు చెవులదైతే చెవులు అడ్డంగా ఉండాలి, కిందికి చూడకూడదు. వి-బ్యాండ్ క్లాంపు అయితే బోల్టు పైకి. హౌసింగ్ కింద పైపుకి ముందు 10 మి.మీ. కడ్డీతో ఒక వాలు కట్టండి. కడ్డీ ఛాసిస్‌కి అతకాలి, పైపుకి కాదు.

నాగావళి ఒడ్డు:

ఎడమవైపు ఎక్కేది పక్కన కూర్చునే మనిషి, చీర కట్టుకున్నవాళ్లు కూడా ఎక్కొచ్చు. పెట్టె మీద చిల్లుల రేకు కవచం తప్పనిసరి, మధ్యన 15 నుంచి 25 మి.మీ. ఖాళీ, పైనా కిందా తెరిచి ఉండాలి, వేడి గాలి పైకి పోయేలా. కవచం అంచులు లోపలికి మడవండి. ఒట్టి లోహం 70 డిగ్రీలున్నా క్షణంలో చర్మం కాలుతుంది. ఇంజన్ ఆపాక నడిచేటప్పటి గాలి ఉండదు కాబట్టి కవచం ఇంకా వేడెక్కుతుంది, దిగేటప్పుడే ఎక్కువ ప్రమాదం. కవచాన్ని పెట్టెకి నేరుగా బోల్టు వేస్తే వేడి బోల్టు గుండా వచ్చేస్తుంది, బోల్టుకి రెండు స్టెయిన్‌లెస్ వాషర్ల మధ్య సిరామిక్ బుష్షు వెయ్యండి.

ఆర్గాన్ రాజాం:

గుడ్డ విషయం: బానెట్ లోపలున్న బ్రాంచి పైపులకి చుట్టొచ్చు, అదీ 304 అయితేనే. పెట్టె తర్వాత ఎక్కడా వద్దు. ముందు చక్రం విసిరే నీళ్లని, సముద్రపు తేమని ఆ గుడ్డ పట్టుకుని వదలదు, ఉప్పు దాని కిందే పేరుకుంటుంది. 304 కూడా ఉప్పుకి గుంటలు పడుతుంది. చుట్టే ముందు పైపుని ఒకసారి పూర్తిగా వేడెక్కించి, చల్లారాక అతుకులన్నీ సబ్బు నీళ్లతో చూసుకోండి. తోక మూతిని గుడ్డతో కాసేపు మూసి, ఇంజన్ ఐడ్లింగులో ఉంచితే ఎక్కడ బుడగ వస్తే అక్కడ మళ్లీ వెల్డింగు.

వంశధార 1298:

పక్క పెట్టెకి నేను పూర్తిగా ఒప్పుకోలేదని రాసి పెట్టండి. ట్యాంకుని సీట్ల వెనక, హౌసింగ్ ముందుకి జరిపితే వెనకంతా ఖాళీ అవుతుంది, అడ్డంగా 12 లీటర్ల పెట్టె పడుతుంది, రెండు 38.1 పైపులు కారు అడుగున ఛాసిస్ గీత దాటకుండా పోతాయి. కొత్తగా ఛాసిస్ మొదలుపెట్టేవాళ్లు ట్యాంకు చోటు ఖాయం చేసేముందే ఇది ఆలోచించాలి. మీ కారులో ట్యాంకు బ్రాకెట్లు అతికేశారు కాబట్టి నిలువు కోడిగుడ్డు పెట్టె, కింద నుంచి దాటే తోక, అంతే.

గంటస్తంభం:

ట్యాంకు కదపను. 200, 110, 650 పెట్టెకి అట్టముక్కతో నమూనా కోసి ఛాసిస్‌కి కట్టి చూశాను. వెనక మడ్‌గార్డ్ ముందు అంచుకి 230 మి.మీ. మిగులుతోంది, తోక లోపలికి తిరగడానికి 45 డిగ్రీల ఎల్బోలు రెండు పడతాయి. హౌసింగ్ వేలాడదీసి కొలిస్తే పైపుకి ఖాళీ 17 వస్తోంది, షాక్ అబ్జార్బర్ చివరిదాకా వదులుతోంది.

బొబ్బిలి టర్నింగ్:

17 అంటే పట్టీలు కట్టండి. పాతబడ్డాక షాక్ అబ్జార్బర్ బుష్షులు సాగి ఇంకో ఐదారు మిల్లీమీటర్లు వదులుతాయి. పట్టీ హౌసింగ్‌కి తగిలి ఆపేచోట ఖాళీ 25 ఉండేలా కట్టి, ఆ తర్వాతే తోకకి టాకా వెయ్యండి.